పాత బడిలో హాజరు

టాంబ్రిన్ హిల్‌లో చీకటి పడ్డాక పాత బడి దారిన ఎవరూ పోరు. తప్పక పోయినవాళ్లు వెనక్కి తిరిగి చూడరు. చూసినవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కథ ఉంటుంది, ఏ రెండు కథలూ కలవవు.

తెల్ల గౌను వేసుకున్న ఆడమనిషి అని ఒకరంటారు. ఆమెకు తల లేదని ఇంకొకరు. తల లేకపోతే నోరెక్కడిది, నోరు లేకపోతే పేరు పెట్టి ఎలా పిలుస్తుంది అని అడిగితే, భయమంతా అక్కడే కదా ఉంది అంటారు. ఒక్క విషయంలో మాత్రం ఊరంతా ఒక్క మాట మీదుంది — రాత్రిపూట ఆ గోడల మధ్య నుంచి ఒక ముసలి గొంతు పేర్లు పిలుస్తుంది. మెల్లగా... ఒక్కో పేరూ మూడేసి సార్లు.

రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదని జమైకాలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మొదటి పిలుపుకో రెండో పిలుపుకో పలికావా, నీ పని అయిపోయినట్టే. నువ్వు పోయిన తొమ్మిదో రాత్రి జనం నీ వాకిట్లో చేరి, నీ పేరు చెప్పుకుని పాటలు పాడుతూ రమ్ము తాగుతారు. మూడో పిలుపు దాకా ఓపిక పడితే గండం గడిచినట్టే, ఎందుకంటే మామూలు దెయ్యానికి రెండు దాకానే లెక్క వచ్చు.

కానీ పాత బడి దెయ్యం మామూలుది కాదు. బడి పెట్టించిన మనిషి దెయ్యం అది. దానికి మూడు వచ్చు.

ఆవిడ పేరు మిస్ రేచెల్ డంకర్లీ. బానిసగా పుట్టింది. తన స్వేచ్ఛ తనే కొనుక్కుంది. రేవులో పూటకూళ్ల ఇల్లు నడిపి, ఓడల కెప్టెన్లకు కారం మండే పులుసు వండిపెట్టి, నాలుగు రాళ్లు వెనకేసింది. పిల్లాజెల్లా లేరు. పోయేముందు, ఆ తెల్లదొరల కాలంలోనే, వీలునామా రాయించింది. కొండ మీది రాతి ఇల్లూ, చుట్టూ ఉన్న నేలా చదువుకు వదిలేస్తున్నాను, ఆ ఇంటి నాలుగు గోడల మధ్య ఎవరికో ఒకరికి అక్షరాలు నేర్పుతున్నంత కాలం అది బడిదే అంది. ఏడాదీ దానిపైన ఒక్క రోజూ ఎవరికీ ఏమీ నేర్పకుండా గడిస్తే మాత్రం ఆస్తంతా తన తమ్ముడి వారసులకు పోవాలంది. తమ్ముడంటే ఆవిడకు ప్రేమ అనుకునేరు, అదేం లేదు. ఊరివాళ్ల బద్ధకాన్ని బెదిరించడానికే అలా రాయించిందని పెద్దవాళ్లు చెబుతారు.

ఆ బెదిరింపు నూట యాభై ఏళ్లు పనిచేసింది. తర్వాత పెద్ద తుఫాను వచ్చి బడి కప్పు ఎగరేసుకుపోయింది. పిల్లల్ని కొండ కింద కొత్త రేకుల బడికి మార్చారు. రాతి గోడలు మేకలకు మిగిలాయి. చుట్టూ నేల మీద వచ్చే కౌలుతో ఏటా ఇద్దరు పిల్లల్ని పట్నం హైస్కూలుకు పంపడం మాత్రం ఆ ఆస్తి చూసుకునే ట్రస్టువాళ్లు మానలేదు.

తుఫాను వెళ్లిన పదమూడేళ్లకు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయినా నిండకముందు, ఇంగ్లండు నుంచి తమ్ముడి వారసులు ఊడిపడ్డారు. వాళ్లు రాలేదు లెండి, వాళ్ల దావా వచ్చింది. ఏదో హోటలు కంపెనీ ఆ కొండ మీంచి కనిపించే సముద్రం చూసి మోజుపడిందట.

ఆ దావా నడిపే లాయర్ పెంగెల్లీ దగ్గర గుమాస్తా క్లోవిస్ టిండేల్. ఇరవై ఆరేళ్ల కుర్రాడు. టాంబ్రిన్ హిల్‌లోనే పుట్టాడు, పాత బడిలోనే అక్షరాలు దిద్దాడు, మిస్ రేచెల్ సొమ్ముతోనే హైస్కూలు చదివాడు. ఇప్పుడు ఆ నేలను హోటలుకు అప్పగించే కాగితాలు తనే టైపు కొడుతున్నాడు. మిషను ముందు కూర్చున్నప్పుడల్లా ఒంటి మీద జెర్రులు పాకినట్టుండేది. కానీ ఈ కేసు గెలిస్తే లాయరు పరీక్షకు తనే చదివిస్తానని పెంగెల్లీ మాటిచ్చాడు. అందుకని జెర్రుల్ని ఓర్చుకుని టైపు కొడుతున్నాడు.

విచారణలో జడ్జిగారు ఒక ప్రశ్న వేశారు. "అక్కడ పాఠాలు జరగడం లేదని మీకెలా తెలుసు?"

"మూడు రోజులు పగలంతా మా మనిషి కాపలా కాశాడు యువరానర్. మేకలు తప్ప ఎవరూ రాలేదు" అన్నాడు పెంగెల్లీ.

"పగలు సరే. రాత్రి?"

కోర్టు హాలంతా నవ్వింది. "రాత్రి అక్కడికి ఎవరు పోతారు యువరానర్? దెయ్యం ఉందని..."

"ఈ కోర్టు దెయ్యాల్ని సాక్ష్యంగా తీసుకోదు. ఒక మనిషి రాత్రి పోయి, లోపలికి వెళ్లి, చూసింది చూసినట్టు ప్రమాణం మీద రాయాలి. లక్క వేసిన కవరు సోమవారానికి నా చేతికి రావాలి. ఆ ఊరివాడైతే రెండు పక్షాలకూ అభ్యంతరం ఉండదు."

అందరి కళ్లూ క్లోవిస్ మీద పడ్డాయి. అతను బల్ల కింద పడిపోయిన పెన్సిలు కోసం చాలాసేపు వెతికాడు.

శుక్రవారం సాయంత్రం ఊరి బస్సు దిగి, ముందు మిస్ క్లెమీ దుకాణానికి వెళ్లాడు. ఆవిడ రొట్టె ముద్దలు నూనెలో వేయిస్తోంది. ఊళ్లో దెయ్యాల కథలు ఆవిడ కంటే బాగా చెప్పేవాళ్లు లేరు.

"ఏరా అబ్బాయీ, పట్నం చొక్కా వేసుకుని దిగబడ్డావు? పెళ్లిచూపులా?"

"పాత బడికి పోవాలి మిస్ క్లెమీ. కోర్టు పని. ఇవాళ రాత్రికే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఇవాళా? శుక్రవారం నాడా? బుద్ధుందా నీకు? శుక్రవారం మిస్ రేచెల్ మహా ఉగ్రంగా ఉంటుంది. రేపు పో నాయనా, శనివారం పడుకుంటుంది."

"దెయ్యాలకు కూడా శనివారం సెలవిస్తారా?"

"నవ్వు, నవ్వు. బక్నర్ మామయ్య కూడా ఇట్లాగే నవ్వి పోయాడు, తెల్లారేసరికి మీసం సగం తెల్లబడింది." ఆవిడ గొంతు తగ్గించి ముందుకు వంగింది. "పోక తప్పదంటావా? అయితే చొక్కా తిరగేసి తొడుక్కో. జేబులో ఉప్పు పోసుకో. గేటు దగ్గరే నిలబడి చూసి వచ్చెయ్యి, లోపలికి మాత్రం పోకు. ఎవరు పిలిచినా..."

"పలకను."

"బంగారుతండ్రివి. ఇక వెళ్లు, నాకు తలనొప్పిగా ఉంది, కొట్టు కట్టేస్తాను."

శుక్రవారం సాయంత్రం ఏడుగంటలకే మిస్ క్లెమీ కొట్టు కట్టేయడమేమిటని క్లోవిస్ ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించలేదు.

అక్కడి నుంచి ఇంటికి వెళ్లాడు. నాన్న ఈనస్ టిండేల్‌కి అరవై ఒకటి, చర్చిలో డీకన్, అంటే సంఘ పెద్ద. ముప్పై ఏళ్లుగా ఆదివారం చర్చిలో బైబిలు లేఖనం చదివేది ఆయనే. పుస్తకం తెరిచి గొంతు సవరించుకుంటే చంటిపిల్లలు కూడా ఏడుపు ఆపుతారు. ఇన్నేళ్లలో ఒక్క మాట దగ్గర తడబడింది లేదు. అమ్మ పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచి ఒంటరిగానే ఉంటున్నాడు.

ఆ సాయంత్రం దవడకు గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"పన్ను పోటురా. పడుకుంటున్నాను. నువ్వు... లోపలికి వెళ్లకు. గేటు దగ్గర నుంచి చూసినా కోర్టుకు చాలు."

"చాలదు నాన్నా. లోపలికి వెళ్లమన్నారు."

ముసలాయన దీపం ఆర్పేశాడు.

క్లోవిస్ కొండ దారి పట్టాడు. సగం దూరంలో కల్వర్టు మీద కూర్చుని ధైర్యం వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు. గంటసేపు కూర్చున్నా రాలేదు. చివరికి చుట్టూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, చొక్కా విప్పి తిరగేసి తొడుక్కున్నాడు. జేబులో ఉప్పు ఇదివరకే ఉంది. హైస్కూలు చదివినవాడు ఈ పని చేశాడని ఎవరికీ తెలియక్కర్లేదు కదా.

గేటు దగ్గర కోర్టు వేయించిన బోర్డు ఉంది. 'ప్రవేశం నిషిద్ధం. అతిక్రమించినవారు శిక్షార్హులు.' ఆ మాటల్ని ముందు కాగితం మీద టైపు కొట్టిందీ తనే.

గేటు తోశాడు.

కీచుమంది...

పొదల్లో కప్పలు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. మిణుగురులు అక్కడొకటి ఇక్కడొకటి వెలిగి ఆరుతున్నాయి. కప్పు లేని రాతి గోడలు ఆకాశానికి అడ్డంగా నల్లగా నిలబడి ఉన్నాయి. చిన్నప్పుడు ఎక్కాలు చెప్పిన గది అది. ఆ గది ఇంత చీకటిగా ఉండగలదని ఎప్పుడూ అనుకోలేదు.

పది అడుగులు వేశాడు. ఇంకో పది...

ఏమీ లేదు. గాలి లేదు, దీపం లేదు, మేక కూడా లేదు. ఖాళీ బడి. ఇక వెనక్కి పోయి, ఏమీ చూడలేదని రాసేయవచ్చు. తేలిగ్గా ఊపిరి వదిలాడు.

అప్పుడు వినబడింది.

"క్లెమెంటీనా... ఓగిల్వీ..."

ముసలి గొంతు. ఆడ గొంతు. గోడలోంచి వచ్చినట్టుంది.

నిశ్శబ్దం.

"క్లెమెంటీనా... ఓగిల్వీ..."

ఆ పేరుగల మనిషి ఊళ్లో లేదు. అలాంటి బారెడు పేర్లు క్లోవిస్ సమాధుల మీదే చూశాడు.

"క్లెమెంటీనా ఓగిల్వీ..."

మూడోసారి! రెండు దగ్గర ఆగలేదు. మూడు పిలిచింది.

నేల కింద నుంచి గుసగుసగా జవాబు వచ్చింది — "...ఉన్నాను."

అతని కాళ్లు పరిగెత్తమంటున్నాయి, అవే కాళ్లు కదలం పో అంటున్నాయి. గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు. జేబులో ఉప్పు గుప్పిట పట్టి నలుపుతున్నాడు.

"థియోఫిలస్... బక్నర్..."

ఒకసారి. రెండుసార్లు. మూడు. "...ఉన్నాను." ఈసారి మగ గొంతు, దగ్గుతో. బక్నర్ల ముత్తాత ఎవరో అయి ఉండాలి.

అలా పేరు తర్వాత పేరు. మూడేసి పిలుపులు, చివర ఒక గుసగుస. ఊళ్లో పోయినవాళ్లంతా నేల కింద వరుసగా కూర్చుని ఉన్నట్టు... క్లోవిస్ లెక్కపెట్టడం మానేశాడు. మెల్లగా గోడ వెంబడి గేటు వైపు జరగడం మొదలుపెట్టాడు. ఒక్కో అడుగూ... చప్పుడు కాకుండా...

"ఈనస్... టిండేల్..."

అడుగు ఆగిపోయింది.

నాన్న పేరు.

నాన్న ఇంట్లో ఉన్నాడు. పన్ను పోటుతో పడుకున్నాడు. పోయినవాళ్ల వరుసలో బతికున్న నాన్న పేరెందుకు? పిలుస్తోంది... తీసుకుపోవడానికి పిలుస్తోంది.

"ఈనస్... టిండేల్..."

నాన్న ఎప్పుడూ మొదటి పిలుపుకే పలికే మనిషి. నిద్రలో వినబడితే? ఆ మంచం మీద నుంచే 'ఆఁ' అంటే? క్లోవిస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. దెయ్యమైనా సరే, భూతమైనా సరే, అమ్మ పోయాక మిగిలింది ఆ ఒక్క మనిషి.

"ఈనస్ టిండేల్..."

"...ఉన్నానమ్మా."

అది నాన్న గొంతే.

క్లోవిస్ ఏం చేస్తున్నాడో అతనికే తెలియదు. గొంతు వచ్చిన వైపు దూకాడు. మెట్లు కాళ్లకు తగిలాయి, నేలమాళిగ మెట్లు. సగం దిగి, సగం దొర్లి, అడ్డంగా వేలాడుతున్న గోనె పట్టాతో సహా లోపలికి పడ్డాడు.

"నాన్నా! పలకొద్దు! పలకొద్దు నాన్నా!"

లోపల చీకట్లో ప్రళయం వచ్చింది. కెవ్వున కేకలు. బల్లలు తిరగబడ్డాయి. "యేసయ్యా!" అని ఒకరు. "మిస్ రేచెల్! నిజంగా మిస్ రేచెల్!" అని ఇంకొకరు. ఎవరో అతని మొహాన గుప్పెడు ఉప్పు కొట్టారు. అతను కూడా జేబులోంచి తీసి తిరిగి కొట్టాడు. ఇంకెవరో వీపు మీద గొడుగుతో రెండు వేశారు.

"దీపం!" అంది ముసలి గొంతు, ఏ మాత్రం చలించకుండా. "ఎవరైనా దీపం వెలిగించండి. థియోఫిలస్, నువ్వు బల్ల కింద నుంచి బయటికి రా."

అగ్గిపుల్ల గీశారు.

చిన్న మాళిగ గది. చెక్క పెట్టెల మీద పలకలు. గోడకు నల్ల రంగు పూసిన తలుపు చెక్క. దాని పక్కన పాత బడి ఉపాధ్యాయిని మిస్ ఇసిల్డా ఫ్రే, డెబ్బై ఎనిమిదేళ్లావిడ, ఒడిలో హాజరు పుస్తకం పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. చేతిలో గొడుగుతో మిస్ క్లెమీ. బల్ల కింద నుంచి బయటికొస్తున్న బక్నర్ మామయ్య. వాళ్ల వెనక ఊరి పెద్దమనుషులు మరో ఎనిమిది మంది. చివర, దవడ గుడ్డ మెడ మీదికి జారిపోయి... నాన్న.

"చొక్కా తిరగేసి వేసుకోమన్నాను గానీ, మా మీద పడమన్నానా?" అంది మిస్ క్లెమీ, గొడుగు దించుతూ.

"క్లెమెంటీనా ఓగిల్వీ అంటే... మీరా?"

"మరి క్లెమీ అని నాకు బాప్టిజం ఇస్తారా?"

క్లోవిస్ నేల మీదే చతికిలబడ్డాడు. "ఒక్కో పేరూ మూడుసార్లు ఎందుకు పిలుస్తారు టీచర్?"

"నేనెందుకు పిలుస్తాను? ఒక్కసారి పిలిస్తే పలికి చావరు. చీకట్లో కూర్చోబెట్టి పేరు పిలిస్తే ఈ ముసలి గుంపు మూడో పిలుపు దాకా నోరు మెదపదు. పదమూడేళ్లుగా చెబుతున్నాను, నేను బతికే ఉన్నానర్రా అని. సగం పాఠం హాజరుకే పోతోంది."

మిస్ క్లెమీ నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తుఫాను తర్వాత సాయం పిండి పంచినప్పుడు, సంతకం పెట్టలేక వేలిముద్ర వేస్తే ఆ పంచే ఆఫీసరు నవ్వాడట. ఆ వారమే తనే వెళ్లి, అక్షరాలు నేర్పమని మిస్ ఇసిల్డా కాళ్ల మీద పడింది. కొత్త బడిలో పిల్లలు చూస్తారు, ఇంట్లో నేర్చుకుంటే ఇరుగుపొరుగు చూస్తారు. దెయ్యమున్న చోటికైతే ఎవరూ రారు. దెయ్యం లేకపోతే పుట్టించడం ఎంతసేపు? మంగళవారం, శుక్రవారం పాఠం. ఒకరొకరే చేరారు.

"ఇన్నాళ్లూ దీపం పెట్టుకునే చదివేవాళ్లం. ఈ మధ్యనే దీపం కూడా భయమై గోనెపట్టా కట్టాం" అన్నాడు బక్నర్ మామయ్య.

"ఎందుకు?"

"గేటు దగ్గర బోర్డు. అది పెట్టాక కూడా దాని పక్క నుంచే దర్జాగా నడిచొచ్చాం. మొన్న ఈస్టరుకు దాన్ని చదవడం వచ్చింది. అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. శిక్షార్హులం కదా మరి."

"నువ్వొస్తున్నావని క్లెమీ వచ్చి చెప్పింది" అంది మిస్ ఇసిల్డా. "పదమూడేళ్లలో ఒక్క వారం మాన్పించలేదు, ఒక గుమాస్తా కోసం మాన్పిస్తానా? వెనక మేకల దారిన రండి, దీపం లేకుండా నోటి పాఠం చెబుతానన్నాను."

పదమూడేళ్లు. ఒక్క వారం మానకుండా. ఈ నాలుగు గోడల మధ్య...

క్లోవిస్ లేచి నిలబడ్డాడు. "టీచర్! హాజరు పుస్తకాలు దాచారా?"

ఆవిడ బిస్కట్ల డబ్బా తెరిచింది. పదమూడు పుస్తకాలున్నాయి.

"మీరెవరూ కోర్టుకెందుకు రాలేదు? కేసంతా దీని మీదేగా! ఇక్కడ ఎవరికైనా అక్షరాలు నేర్పుతున్నంత కాలం నేల బడిదే!"

వాళ్లు మొహామొహాలు చూసుకున్నారు. "ఇది బడా?" అంది మిస్ క్లెమీ. "బడంటే గంటా, ఇన్‌స్పెక్టరూ ఉండాలి కదా? మేమేదో దొంగతనంగా..."

కేసు నిలబడాలంటే వీళ్లంతా పట్టపగలు కోర్టులో నిలబడి, మాకు చదువు రాదు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం అని చెప్పాలి. క్లోవిస్ ఆ మాట చెప్పాడు. చాలాసేపు ఆలోచించి, మిస్ క్లెమీ ముందు తలూపింది. తర్వాత బక్నర్ మామయ్య. ఒక్కొక్కరే ఊపారు. డీకన్ టిండేల్ మాత్రం నేల చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి పోయే దారిలో తండ్రీకొడుకులు కల్వర్టు దాకా వచ్చారు.

"మీ అమ్మ చదివి వినిపించేది" అన్నాడు నాన్న ఉన్నట్టుండి. "శనివారం రాత్రి. మూడుసార్లు చదివితే నాకు నోటికొచ్చేసేది. ఆదివారం పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ని, అంతే. ఒక్కోసారి తప్పు పేజీ తెరిచేవాణ్ని కూడా. ఎవరూ చూడలేదు."

"నాన్నా..."

"అమ్మ పోయాక పాత పన్నెండు అధ్యాయాలనే తిప్పి తిప్పి చెబుతున్నాను. డీకన్‌కి ఆ భాగాలంటే ఎంత భక్తో అని మెచ్చుకుంటున్నారు." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "రాయరా. బడి నిలబడాలి, రాయి. నా పేరు మాత్రం వద్దు. ముప్పై ఏళ్లు వాళ్ల ముందు నిలబడ్డాను. నన్ను అబద్ధమాడిన మనిషిని చెయ్యకు."

క్లోవిస్ ఆ రాత్రి రిపోర్టు రాశాడు. టీచరు పేరు, పదమూడు పుస్తకాలు, పది మంది విద్యార్థులు. చూసింది చూసినట్టు రాశానని కింద ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. పదకొండో మనిషి గుండెలో ముల్లులా ఉండిపోయాడు.

సోమవారం కోర్టుకు ఊరు ఊరంతా తరలివచ్చింది. జడ్జిగారు లక్క పగలగొట్టి రిపోర్టు చదువుతుంటే పెంగెల్లీ మొహం రంగులు మారింది. కానీ ఆయన పాతికేళ్లుగా కోర్టులో నలిగిన మనిషి.

"పుస్తకాలదేముంది యువరానర్, పోయిన వారం ఒక్క రాత్రిలో రాసి ఉండొచ్చు. నిజంగా నేర్చుకున్నారో లేదో ఇప్పుడే తేలుతుంది. ఒకరిని చదవమనండి."

మిస్ క్లెమీ ముందుకొచ్చింది. కళ్లజోడు పెట్టుకుంది. వీలునామా నకలు ఆవిడ చేతికిచ్చారు. మొదటి మాట చదివింది. తల ఎత్తేసరికి హాలంతా తననే చూస్తోంది. కళ్లు నీళ్లతో నిండిపోయాయి. రెండో మాట రాలేదు.

"పదమూడేళ్ల చదువు ఇదా?" అన్నాడు పెంగెల్లీ మెల్లగా. "ఇంకెవరైనా?"

మిగతావాళ్లు తలలు దించుకున్నారు. మార్కెట్లో లెక్కలు నోటితో వేసి పోలీసువాణ్ని కూడా నోరు మూయించే మనుషులు, ఆ తెల్ల కాగితం ముందు బిక్కచచ్చిపోయారు. జడ్జిగారు కలం చేతిలోకి తీసుకున్నారు. అయిపోయింది, ఇక పట్నం హైస్కూలుకు వెళ్లే పిల్లలుండరు అనుకున్నాడు క్లోవిస్.

"పది మంది కాదు యువరానర్."

వెనక బెంచీలోంచి నాన్న లేచి నిలబడ్డాడు. చర్చికి వేసుకునే నల్ల కోటు వేసుకున్నాడు. "పదకొండు. పదకొండోవాణ్ని నేను."

"రిపోర్టులో పది అనే ఉందే?" అన్నారు జడ్జిగారు.

క్లోవిస్ లేచాడు. "తప్పు నాది యువరానర్. తెలిసే వదిలేశాను." లాయరు పరీక్ష ఆశ ఆ మాటతోనే పోయిందని అతనికి తెలుసు. విచిత్రంగా ఒంటి మీది జెర్రులు కూడా పోయాయి.

పెంగెల్లీ చేతులు చాచి నవ్వాడు. "యువరానర్, డీకన్ టిండేల్ గారు ముప్పై ఏళ్లుగా చర్చిలో లేఖనం చదువుతున్నారు. హాలులో సగం మంది విన్నవాళ్లే. ఆయన అక్కడ కొత్తగా నేర్చుకున్నదేమిటి?"

"చదవలేదండీ" అన్నాడు నాన్న.

పెంగెల్లీ చాచిన చేతులు దించాడు.

"ముప్పై ఏళ్లూ చదవలేదు. నా భార్య చదివి వినిపించేది, నేను అప్పజెప్పేవాణ్ని. పుస్తకం ఊరికే పట్టుకునేవాణ్ని." చర్చివాళ్లు కూర్చున్న వైపు తిరిగాడు. "మీ అందరి ముందూ... క్షమించండి. ఇదివరకు అబద్ధం. ఇప్పుడు చూడండి."

వెళ్లి మిస్ క్లెమీ చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చూపుడువేలు మొదటి వరుస కింద పెట్టాడు. పలుగూ పారా పట్టి మొద్దుబారిన వేలు అది.

"ఈ... ఇంటి... నా... నాలుగు... గో... గోడల..."

తడబడ్డాడు. ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా ఒక్క మాట తప్పని మనిషి, ప్రతి మాట దగ్గరా చెమటోడుస్తున్నాడు. చర్చివాళ్ల పెదవులు ఆయనతో పాటు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. మిస్ ఇసిల్డా మాత్రం కళ్లు మూసుకుని, కష్టమైన మాట వచ్చినప్పుడల్లా తన గొడుగు పిడి గట్టిగా పట్టుకుంటోంది.

పెంగెల్లీ కూర్చున్నాడు. అలా చదవడం ఎవరూ నటించలేరని ఆయనకూ తెలుసు.

"చాలు డీకన్" అన్నారు జడ్జిగారు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ. "ఈ బడి ఒక్క వారం కూడా మూతపడలేదని కోర్టుకు నమ్మకం కుదిరింది. దావా కొట్టేస్తున్నాను. మీరు కూర్చోవచ్చు."

హాలు ఒక్కసారిగా లేచింది. ఎవరో ఏడ్చారు, ఎవరో పాట అందుకున్నారు. మిస్ క్లెమీ పక్కనున్న పోలీసును కావలించుకుంది.

నాన్న కూర్చోలేదు. వేలు కాగితం మీద నుంచి తీయలేదు.

"ఆగండి యువరానర్. ఇంకొక్క వరుస ఉంది. అది కూడా చదవనివ్వండి."

పాట ఆగింది. అందరూ మళ్లీ కూర్చున్నారు.

"అక్షరం... కోసం... వ... వచ్చినవారి..." ఊపిరి తీసుకున్నాడు. "వయసు... ఎవరూ... అడగ... రాదు."